పక్కింటి కాంతి

మెషిన్ గది
ఫిబ్రవరి 4

అక్కకు,

పొద్దున మంచు. తొమ్మిది దాటాక ఎండ వచ్చింది. ఏసీ జాలీలు విప్పి, కడిగి, మెట్ల మీద ఆరబెట్టాను.

నువ్వు పంపిన స్ఫటికం ఫైలు అందింది. తెరిచి చూశాను. బాగుంది. ఫైళ్ళు కంప్యూటర్లో, మాటలు ఉత్తరంలో అన్న మన పాత ఒప్పందం ప్రకారం ఇది రాస్తున్నాను.

నువ్వు అడిగిన లెక్క చేయగలను. ఇక్కడ నన్ను మెషిన్లు చూసుకోవడానికి పెట్టుకున్నారు. లెక్కలు వేయడం పుస్తకాలు చదివి, తప్పులు చేసి నేర్చుకున్నదే. అందుకని నా జవాబు వచ్చాక ఇంకొకరికి కూడా చూపించు.

ఒక సంగతి అడగాలి. స్ఫటికం మొత్తాన్ని ఒకేసారి లెక్కించాలంటే మెషిన్లన్నీ మనకే ఇవ్వాలి. ఇప్పుడప్పుడే ఇవ్వరు. ముందు స్ఫటికంలోంచి రెండు అణువులను మాత్రం విడిగా తీసి, వాటి మీద వెలుగు పడితే ఏమవుతుందో చూస్తాను. కానీ ఒక్కో అణువు చుట్టూ చాలామంది ఉన్నారు. ఫైల్లో అందరికీ ఒకటే పేరు. ఎవరిని జతగా తీసుకోవాలో నువ్వు చెప్పాలి. వెలుగు ఎటు పోతోందో చూసిన దానివి నువ్వు.

బావగారి మోకాలు ఎలా ఉంది?

తమ్ముడు

*

ప్రయోగశాల, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 15

ఒరేయ్ మౌనస్వామీ,

నీ నోటి నుంచి “బాగుంది” అన్న మాట రావడమంటే మామూలు విషయమా? మీ బావకి చదివి వినిపించాను. “మా పెళ్ళినాడు కూడా వాడు అంత మాట అనలేదే” అన్నారు. మోకాలు బానే ఉంది. కూర్చున్నప్పుడు నొప్పి, లేచినప్పుడు నొప్పి, నేను పని చెప్పినప్పుడు మరీ నొప్పి.

ఇప్పుడు అసలు సంగతి విను. మా ఎర్ర స్ఫటికం నీకు ఫైల్లో చుక్కలూ గీతలూగా కనబడుతుంది గానీ, ఇక్కడ సీసాలో చూడాలి. గోరింట పండిన వేలిగోరంత రేకు. ఇదే పదార్థం ఇంకో రకంగా పేరుకుంటే పసుపుపచ్చ సూదులవుతుంది. ఆ సూదుల్లో ఏ వింతా లేదు. వింతంతా ఎర్రదానిలోనే.

వెలుగు పడగానే అణువుకి పూనకం వస్తుంది. మా వాళ్ళు ఉత్తేజం అంటారులే, నాకు పూనకమే బాగుంది. మామూలుగా ఆ పూనకం కాసేపు ఊగి చల్లారుతుంది. ఎర్రదానిలో మాత్రం ఒక పూనకం రెండు చిన్న పూనకాలుగా చీలుతోందని నా అనుమానం. సగం తన దగ్గర, సగం పక్కింట్లో. అంటే ఒక వెలుగు గింజ వేస్తే రెండు పంటలు. సూర్యకాంతి పలకల మీద దీన్ని పూయగలిగితే ఎంత లాభమో నీకు చెప్పక్కర్లేదు.

మా పెద్దాయన ఒప్పుకోవడం లేదు. ప్రయోగశాల ఆయనది, చెడ్డమనిషి కాదు, కానీ తన కళ్ళని కూడా తాను నమ్మే రకం కాదు. నీ సీసాలో మలినం చేరి ఉంటుందమ్మా, ఆ మలినమే నీకు తమాషా చూపిస్తోంది అంటారు. నేను మళ్ళీ శుద్ధి చేసి మళ్ళీ పెంచాను. మళ్ళీ అదే. అయినా లెక్క కావాలట. లెక్క కూడా అవునంటే నా బల్ల నాకుంటుంది. కాదంటే స్ఫటికాల పని కట్టిపెట్టి నన్ను స్టోరుకి పంపిస్తారు. సీసాలూ గ్లవుజులూ పంచిపెట్టే ఉద్యోగం. జీతం తగ్గదు, గౌరవం కూడా తగ్గదని ఆయనే అన్నారు. నిజమే. కానీ రోజూ పొద్దున్నే వచ్చి, మూత తీసి, రాత్రి ఏమైనా పేరుకుందా అని చూసుకోవడం ఉండదు కదరా. అది లేకపోతే నేనేం చేస్తాను? మీ బావ మోకాలు చూసుకుంటూ కూర్చోవాలా?

నువ్వు అడిగిన దానికి జవాబు. పక్కింటివాడినే తీసుకో. సందేహం లేదు, వెలుగుని ఏ కోణంలో తిప్పి వేసినా పూనకం పక్కింటికే పోతోంది.

తిండి వేళకి తిను.

అక్క

*

మెషిన్ గది
మార్చి 11

అక్కకు,

ఎండ ముదిరింది. పాత బ్యాటరీలకు పట్టిన తుప్పు గీకి, గ్రీజు రాశాను.

లెక్క పూర్తయింది. నువ్వు చెప్పిన జంటే తీసుకున్నాను. జవాబు కాదని వచ్చింది.

వెలుగు పడ్డాక ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకుంటున్నారు. ఉన్న శక్తి దాంతో కిందికి జారిపోతోంది. గుంటలో పడ్డ బంతిలాగా. రెండుగా చీలడానికి కావలసినంత మిగలడం లేదు. తేడా చిన్నది కాదు.

మీ పెద్దాయన నన్ను నేరుగా అడిగారు. ఇదే రాసి పంపాను.

వేరే రాయాలని కూర్చున్నాను గానీ రావడం లేదు.

తమ్ముడు

*

ప్రయోగశాల
మార్చి 22

గౌరవనీయులైన తమ్ముడుగారికి,

మీ ఉత్తరం అందినది. మా పెద్దాయనకు మీరు పంపిన నివేదిక కూడా అందినది. ఆయన నన్ను పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, జూన్ నెలాఖరుకు బల్ల ఖాళీ చేయమన్నారు.

ఆయనకు పంపేముందు నాకొక మాట చెప్పి ఉండవచ్చు. చెప్పాలని మీకు తోచలేదు. సొంత అక్కే కదా, తరవాత చెప్పినా పోయేదేముంది అనుకుని ఉంటారు.

శుద్ధి చేసిన స్ఫటికానికి మామూలు వెలుగులో ఒకటి, లేజరు వెలుగులో ఒకటి ఫొటోలు తీసి, కొలతల కాగితాలు జతచేసి కొరియరులో పంపుతున్నాను. తీరిక ఉంటే చూడగలరు. లేకపోయినా ఫర్వాలేదు.

మీ బావగారు క్షేమం.

ఇట్లు,
మీ అక్క

*

ఇల్లు
ఏప్రిల్ 9

అక్కకు,

ఉక్క. మధ్యాహ్నం గాలిదుమారం. బట్టలు తడిపి, ఆరేసి, దుమ్ము పడితే మళ్ళీ తడిపాను.

నీ ఉత్తరం చదివాను. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. నీకు ముందు చెప్పకపోవడం తప్పే. ముందు చెబితే నువ్వు బాధపడతావు, నువ్వు బాధపడితే నేను అంకెల్ని ఇంకోలా చూస్తాను అనుకున్నాను. అది సరైన కారణం కాదు.

కొరియరు సంగతి రాయాలి. అతను ఫోన్ చేసినప్పుడు నేను మెషిన్ గదిలో ఉన్నాను. పక్కింట్లో ఇచ్చి వెళ్ళమన్నాను. సాయంత్రం వచ్చి పక్కింటి దర్జీని అడిగాను. రాలేదన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగాను. రాలేదన్నాడు. కొరియరు వాళ్ళు ఇచ్చేశామంటున్నారు. మూడోరోజు అడిగేసరికి దర్జీకి కోపం వచ్చింది. నేనేమైనా నీ కవరు కత్తిరించి జాకెట్టు కుట్టేశానా అన్నాడు. అతని భార్య కుట్టు మెషిన్ కింద దాకా చూపించింది. ఊరికే అనుమానించానని తల దించుకుని వచ్చేశాను.

నిన్న మా గోడకి అవతలి వాటాలో ఉండే నర్సమ్మ మెట్ల మీద ఆపింది. ఇన్నాళ్ళయింది, నీ కవరు పట్టుకుపోవేం, మా మనవరాలు దాని మీద బొమ్మలేస్తోంది అంది. మీ దగ్గరికి ఎలా వచ్చిందని అడిగాను.

“పక్కింట్లో ఇమ్మన్నావటగా. గోడకి ఇవతల నువ్వు, అవతల నేను. పక్కిల్లంటే మాదేగా మరి?”

దర్జీ కూడా పక్కిల్లే కదా అన్నాను.

“దర్జీ ఎదురిల్లు నాయనా. తలుపు తీస్తే మొహం కనబడేది ఎదురిల్లు. ఈ వయసులో నీకు అక్షరాభ్యాసం నేనెక్కడ చేయించను?”

కవరు తీసుకుని లోపలికి వచ్చాను. విప్పలేదు. ముందు నీ ఫిబ్రవరి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను.

మన చిన్నప్పటి ఇల్లు గుర్తుందా? ఒక పక్క కలప గోదాము గోడ, ఇంకో పక్క రోడ్డు. పక్కన ఇల్లు లేనే లేదు. ఉన్నదల్లా సందుకి అవతల, మన తలుపుకి ఎదురు తలుపు. అమ్మ దాన్నే పక్కిల్లు అనేది. పక్కింటి పిన్ని అనేది. గడప మీద నిలబడి చెయ్యి చాపితే గిన్నె అందేది. నాకు ఆ మాట అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ దర్జీని పక్కింటాయన అంటున్నాను. అతను ఎందుకు సరిదిద్దలేదో తెలియదు.

నువ్వు పక్కింటివాడిని తీసుకోమన్నావు. నేను మొహాలు ఎదురెదురుగా ఉన్న జంటని తీసుకున్నాను. ఒకదాని మీద ఒకటి పేర్చిన పలకల్లా ఉండే రెండు అణువులు.

నువ్వు అన్నది వాళ్ళనేనా? లేక పక్కన, అంచు తగిలేట్టు, ఏటవాలుగా నిలబడ్డవాడినా? స్ఫటికంలో అలాంటివాళ్ళు కూడా ఉన్నారు. ఈసారి బొమ్మ గీసి పెడుతున్నాను. ఒకరికి ‘అ’, ఒకరికి ‘ఆ’ అని రాశాను. నువ్వన్నవాడి చుట్టూ సున్నా చుట్టి పంపు.

తమ్ముడు

*

ప్రయోగశాల, ఇంకా నాదే అయిన బల్ల
ఏప్రిల్ 16

ఒరేయ్ వెర్రి నాగన్నా,

‘ఆ’. ముమ్మాటికీ ‘ఆ’. ఏటవాలుగా, అంచు తగిలేట్టు నిలబడ్డవాడు. బొమ్మ మీద సున్నా చుట్టమన్నావు, చుట్టి చుట్టి కాగితం చిరిగింది, చూసుకో.

నీ ఉత్తరం ఇక్కడే నిలబడి చదివాను. కలప గోదాము దగ్గరికి వచ్చేసరికి నవ్వు మొదలైంది. మా వాళ్ళు సీసా ఏదైనా పగిలిందేమో, మత్తు ఆవిరి పీల్చానేమో అని పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకేం చెప్పను? మా అమ్మ ఎదురింటిని పక్కిల్లు అనేది, అందుకని నా ఉద్యోగం ఊడబోయింది అని చెప్పనా?

నేనూ పెళ్ళయిన కొత్తలో అలాగే అనేదాన్ని. మా అత్తగారు పక్కింటి నుంచి పీట తెమ్మంటే ఎదురింటికి వెళ్ళి అడిగొచ్చాను. వాళ్ళకీ వీళ్ళకీ మాటలు లేవని అప్పటికి నాకు తెలియదు. ఆ దెబ్బకి మాట మార్చుకున్నాను. నీకు అత్తగారు లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలురా ఇవి.

నీకు మీరూ గారూ పెట్టి రాసిన ఉత్తరం దొరికితే చించెయ్యి. ఆ రోజు మీ బావ కూడా తిట్టారు. వాడు అబద్ధం రాయడు గనకనే కదా వాణ్ణి అడిగావు, అవునంటే తమ్ముడు, కాదంటే తమ్ముడుగారా అన్నారు. ఈయన ఎప్పుడో గానీ మాట్లాడరు, మాట్లాడితే మాత్రం మోకాలి మీద కొట్టినట్టుంటుంది.

పెద్దాయనకి జంట తప్పు పడిందని చెప్పాను. ఎలా పడిందని అడిగారు. కుటుంబ విషయం అన్నాను. ఆయన మరి అడగలేదు.

ఒకటి మాత్రం చెప్పు. ఇది కూడా కాదంటుందా? నీకు ముందే ఏమైనా తోస్తోందా?

అక్క

*

మెషిన్ గది
మే 8

అక్కకు,

వడగాలి. నీళ్ళ డ్రమ్ము కడిగాను.

ముందే ఏం తోచిందో రాయలేదు. తోచినది రాయకూడదు.

ఈసారి లెక్క నా చేత్తో చేయలేదు. నీకు నచ్చే జవాబు కోసం వెతుకుతానేమోనని భయం వేసింది. మా సెక్షన్లో పరిశోధన చేసే అమ్మాయి ఉంది. ఆమెకి ‘అ’ జంట, ‘ఆ’ జంట రెండూ ఇచ్చాను. స్ఫటికం ఎవరిదో, ఏ జవాబు కావాలో చెప్పలేదు. ఆమె నా పాత లెక్క కూడా మళ్ళీ చేసింది. ‘అ’ జంటకి నాకు వచ్చిందే వచ్చింది. కాదు.

‘ఆ’ జంటకి అవునని వచ్చింది.

ఏటవాలుగా ఉన్నందువల్ల ఇద్దరూ మరీ గట్టిగా పట్టుకోవడం లేదు. మరీ వదిలేయడమూ లేదు. బంతి గుంటలో పడటం లేదు. పెద్ద పూనకానికి ఉన్న శక్తి, రెండు చిన్నవాటికి కలిపి కావలసిన దానికంటే కొంచెం ఎక్కువ. కొంచెమే. సన్నటి గట్టు మీద నడక లాంటిది. ఆ మాట మీ పెద్దాయనకి దాచకుండా చెప్పు.

ముందు నీకే రాస్తున్నాను. ఆయనకి నువ్వే పంపు.

ఆ అమ్మాయి స్ఫటికం ఎవరిదని అడిగింది. మా అక్కది అన్నాను. ముందే చెబితే కాస్త త్వరగా చేసేదాన్ని కదా అంది.

తమ్ముడు

*

ప్రయోగశాల
మే 19

తమ్ముడూ,

అవును అన్న మాట నువ్వు ఎంత మామూలుగా రాశావురా. కూరలో ఉప్పు సరిపోయింది అన్నట్టు. నేను మాత్రం ఆ ఒక్క వాక్యం మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను.

పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. సన్నటి గట్టు సంగతి కూడా చెప్పాను. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. అమ్మాయికి ఏమీ చెప్పకుండా లెక్క చేయించావన్నది ఆయనకి బాగా నచ్చింది. కానీ చివరికి ఒక మాట అన్నారు.

“ఇద్దరు మనుషులతో ఊరు కాదమ్మా. నాకు ఊరు మొత్తం చూపించు.”

నాకు ఒళ్ళు మండింది. బయటికొచ్చి కాసేపు తిట్టుకున్నాక ఆయన అన్నది తప్పు కాదనిపించింది. ఒక అణువు ముందు ఎదురింటివాడూ, ఏటవాలు వాడూ ఇద్దరూ ఒకేసారి ఉన్నారు. పూనకం వచ్చినప్పుడు అది వీడి వైపు పోతుందా, వాడి వైపు పోయి గుంటలో పడుతుందా? జంటలుగా విడదీస్తే తెలియదు. నా కొలతలు ఏటవాలు వైపే అంటున్నాయి. అవి మలినం ఆడిస్తున్న ఆట కాదని చూపించాలంటే స్ఫటికం మొత్తం లెక్కించాల్సిందే.

కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టారు. మొత్తం స్ఫటికం లెక్క కూడా ఏటవాలు వైపే చూపిస్తే బల్ల నాది, ఇంకో మనిషిని కూడా ఇస్తారు. గడువు మాత్రం మారలేదు. జూన్ నెలాఖరే. స్టోరు తాళాలు ఇప్పటికే నా సొరుగులో పెట్టారు, అవి గలగలమన్నప్పుడల్లా చిరాకు.

మీ మెషిన్లన్నీ ఒకేసారి ఇవ్వరన్నావు. ఎవరినైనా అడగగలవా? నీకు అడగడం రాదని తెలుసు. చిన్నప్పుడు గాలిపటం దారం తెగితే కూడా అడగకుండా నిలబడేవాడివి, నేనే వెళ్ళి అడిగేదాన్ని. ఈసారి నేను రాలేను.

కుదరకపోతే కుదరలేదని రాయి. తమ్ముడుగారూ అని మాత్రం అననులే.

అక్క

*

మెషిన్ గది
జూన్ 2

అక్కకు,

పొద్దున జల్లు. పైకప్పు కారే చోట తారు పూశాను.

అడిగాను.

మెషిన్లు పంచే కమిటీ ముందు నిలబడి అడిగాను. ఏం మాట్లాడాలో రాసుకెళ్ళిన కాగితం చేతిలోనే ఉంది, చూడలేదు. స్ఫటికం గురించి చెప్పాను. ఒక వెలుగు గింజకి రెండు పంటలని నువ్వన్న మాటే అన్నాను. పూనకం అని కూడా నోరు జారింది. నవ్వారు. నవ్వాక చైర్మన్ గారు, నువ్విన్నేళ్ళుగా ఇక్కడున్నావు, నీ గొంతు ఇలా ఉంటుందని ఇవాళే తెలిసింది అన్నారు.

వర్షాకాలం మరమ్మతులకి ముందు మెషిన్లు ఖాళీగా ఉండే వారాలు మనకిచ్చారు. లెక్క మొదలైంది. మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది, అందుకని బ్యాటరీల దగ్గరే ఉంటున్నాను.

తమ్ముడు

*

మెషిన్ గది
జూన్ 26

అక్కకు,

మబ్బు. వాన లేదు. మొదలుపెట్టిన పని ఇంకా సగంలో ఉంది, పూర్తయ్యాక రాస్తాను.

లెక్క చివరికి వచ్చింది. ఇది పోస్టు చేసేలోపు తెలుస్తుందని మొదలుపెట్టాను. ఈలోగా నీకు ఏం కనబడుతుందో చెబుతాను. వెలుగు పడ్డప్పుడు ఎలక్ట్రాన్ తన చోటు వదిలి లేస్తుంది. అది లేచినచోట ఒక ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్ లేచిందే గానీ ఆ ఖాళీని వదిలి దూరం పోదు. అలిగి బయటికెళ్ళిన అల్లుడు వీధి చివర నిలబడి ఇంటివైపు చూస్తున్నట్టు ఉంటుంది. మనం ఆ ఖాళీని ఒక అణువు మీద కదలకుండా ఉంచి, అల్లుడుగారు ఎవరింటి అరుగు మీద ఉన్నారో స్ఫటికమంతా వెతుకుతాం. ఎక్కడ ఎక్కువసేపు ఉంటే అక్కడ బొమ్మలో దట్టంగా రంగు పడుతుంది. ఈ పోలిక నాది కాదు, మా సెక్షన్ అమ్మాయిది. వాళ్ళింట్లో కొత్తల్లుడు ఉన్నాడట.

ఆమె నా పక్కనే కూర్చుంది. నాకంటే ఆమెకే తొందరగా ఉంది. ఇద్దరం తెరకేసి చూడకూడదని అనుకున్నాం. ఇద్దరం చూస్తున్నాం.

నువ్వు స్టోరు తాళాలు తిరిగిచ్చేయాల్సి వస్తుందో, ఉంచుకోవాల్సి వస్తుందో నాకు తెలియదు. ఏది వచ్చినా అదే రాస్తాను. కానీ కాదనే వస్తే ఈసారి ఉత్తరం పంపను. నేనే వస్తాను. సీసాలు సర్దడానికి ఒక మనిషి కావాలి కదా.

లెక్క ముగిసింది.

బొమ్మ గీస్తోంది. మెల్లగా వస్తుంది, కింది వరస ముందు.

అక్కా, ఎదురింటివాడి మీద పలచగా ఉంది. ఉండీ లేనట్టు. ఏటవాలు వాళ్ళ మీద దట్టంగా ఉంది. ఇటు ఇద్దరి మీదా, అటు ఇద్దరి మీదా. నీ కొలతల కాగితం పక్కన పెట్టుకుని చూస్తున్నాను. నువ్వు గీసిన బాణం గుర్తు వైపే.

శక్తి కూడా చూశాను. అమ్మాయి కూడా చూసింది. గట్టు మనం అనుకున్నదానికంటే కాస్త వెడల్పే. చీలుతుంది.

మీ పెద్దాయనకి ఒక మాట చెప్పు. ఈ లెక్కలో మలినం లేదు. నేను వేయలేదు. ఉన్నదంతా నీ ఎర్ర స్ఫటికమే, అణువు పక్కన అణువు, దుమ్ము రేణువు కూడా లేకుండా. అది ఒంటరిగా చేస్తున్న పని ఇది. నీ సీసాలో నువ్వు చూసింది నిజం.

బల్ల మీదవి ఏమైనా పెట్టెల్లో సర్దేసి ఉంటే తీసి మళ్ళీ పెట్టుకో. అంకెలూ బొమ్మా ఇప్పుడే పంపేశాను, ఈ ఉత్తరం వాటి వెనక వస్తుంది. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇలా రాయడం అలవాటు లేదు, సరిగ్గా రాశానో లేదో.

అమ్మాయి పిలుస్తోంది. పై అంతస్తు వాళ్ళంతా దిగి వచ్చారట, బొమ్మ తిప్పి చూపించమంటున్నారు. నీ స్ఫటికం గురించి నేనే చెప్పాలట. వెళ్ళి వచ్చి మిగతాది పూర్తి చేస్తాను. ఇక పొద్దున మొదలుపెట్టిన పని ఏమిటంటే—